స్కేల్ నూటపద్దెనిమిది

కోరుట్ల కూరగాయల మార్కెట్లో టమాటలు ఏరుకుంటూ తలెత్తిన కృపారాణికి ఎదురుగా ఒక పెద్దావిడ కనబడింది. కనబడగానే ప్రాణం లేచొచ్చినట్టయి, చేతిలో సంచి పక్కన పెట్టి మరీ పలకరించింది.

"మంచిగున్నవా అక్కా? మోకాళ్ల నొప్పి తక్కువైందా?"

ఆవిడ టమాట చేత్తో పట్టుకుని అట్లాగే ఉండిపోయింది. "మంచిగనే ఉన్న. నువ్వెవలి బిడ్డవమ్మా? గుర్తువడ్తలేవు."

గుర్తెట్లా పడుతుంది? ఆవిడ పుట్టి బుద్ధెరిగి కృపారాణిని చూసింది లేదు. కృపారాణి మాత్రం ఆవిడను పదకొండు రోజులు చూసింది. మేనల్లుడి పెళ్లిలో ప్రతి తంతుకూ ముందు కుర్చీ ఎక్కడుందా అని వెతుక్కోవడం, ఎవరూ చూడట్లేదనుకుని మోకాలు పిసుక్కోవడం, తలంబ్రాల దగ్గర నొప్పి మరిచిపోయి లేచి చప్పట్లు కొట్టడం, అన్నీ చూసింది. పదకొండు రోజులు ఒక మనిషిని అంత దగ్గర్నుంచి చూశాక ఆ మనిషి మనవాళ్లలో కలిసిపోతుంది. అందులో కృపారాణి తప్పేమీ లేదు. కానీ ఆ సంగతి మార్కెట్లో నిలబడి ఎట్లా చెప్పడం? "తప్పైందక్కా, వేరేటోళ్లనుకున్న" అని సంచి తీసుకుని వచ్చేసింది. ఏరిన టమాటలు అక్కడే మరిచిపోయింది.

నెలకు ఒకటి రెండుసార్లు ఇట్లా అవుతూనే ఉంటుంది. కోరుట్ల, జగిత్యాల చుట్టుపక్కల కొన్ని వందల కుటుంబాలు ఆమెకు సొంతవాళ్ల కింద లెక్క. ఎవరికి ఏ మేనమామతో మాటల్లేవో, ఏ పెళ్లికూతురు సిగ్గుతో తల దించిందో, ఏ పెళ్లికూతురు ఏడుపు దాచుకోవడానికి దించిందో, ఏ ఇంటి అల్లుడు భోజనాల దగ్గర అలిగి లేచిపోయాడో ఆమెకు కంఠతా వచ్చు. ఒక్క ఇంటివాళ్లకు తప్ప ఆ కుటుంబాల్లో ఎవరికీ కృపారాణి అనే మనిషి ఒకతె ఉందని తెలియదు.

ఆమె చేసే పనిని మన దిక్కు మిక్సింగ్ అంటారు. కోరుట్ల బస్టాండు వెనక మార్కండేయులు స్టూడియో ఉంది. పైఅంతస్తులో కిటికీకి నల్లగుడ్డ కట్టిన గది. అందులో పన్నెండేళ్లుగా ఆమే. సాగర్ అనే కెమెరామన్ పెళ్లిళ్లకు పోయి తీసుకొచ్చిన కెమెరా మెమరీ కార్డులు ఆమె ముందు పెడతాడు. ఆమె వాటిల్లోని వీడియో ముక్కలన్నీ కోసి, వరుసలో పెట్టి, పాటలు వేసి రెండున్నర గంటల సినిమా చేస్తుంది. చివర్లో పేర్లు పడేటప్పుడు మార్కండేయులు పేరు పెద్దగా, సాగర్ పేరు చిన్నగా పడతాయి. ఆ పేర్లు టైపు చేసేది కూడా ఆమే. తన పేరు వేసుకుంటే ఎవరైనా వద్దంటారని కాదు. వేసుకోవాలని ఆమెకు తోచలేదు, వెయ్యమని వాళ్లకూ తోచలేదు.

ఈ పనిలో అందరూ పాటలు గొప్పనుకుంటారు, పూల ఫ్రేములు గొప్పనుకుంటారు. అవి ఎవరైనా చేస్తారు. అసలు పనితనమంతా కంప్యూటర్లో అంకెలు వేసే రెండు గళ్లలో ఉంది. ఒకదాని పేరు స్కేల్, ఇంకోదాని పేరు పొజిషన్. స్కేల్ వంద అంటే బొమ్మ కెమెరాలో ఎంతుందో తెరమీదా అంతే. వందకు మించితే బొమ్మ పెద్దదవుతుంది, అంచులు తెర దాటి బయటికి పోతాయి. పొజిషన్ అంటే బొమ్మ ఎటు జరగాలో చెప్పే అంకెలు. కొందరికి కొండగట్టు దారి కళ్లు మూసుకున్నా తెలుస్తుంది. కృపారాణికి తెర నడుమ ఎక్కడుందో అట్లా తెలుసు. తొమ్మిది వందల అరవై, అయిదు వందల నలభై. అక్కణ్ణుంచి ఎంత జరిపితే పెళ్లికూతురు జడ మొత్తం కనబడుతుందో, ఎంత జరిపితే వెనక తాంబూలం ఉమ్మేస్తున్న పెద్దాయన మాయమవుతాడో ఆమె చెయ్యి చెబుతుంది.

మాయం చేయడమే ఎక్కువ పని. పెళ్లివాళ్లు వీడియోలో ఎవరు ఉండాలో నోటితో చెబుతారు, ఎవరు ఉండకూడదో చీటీ మీద రాసిస్తారు. కోర్టుకెక్కిన చిన్నాయన వద్దు. చెప్పాపెట్టకుండా వచ్చిన మాజీ కోడలు వద్దు. ప్లాస్టిక్ బకెట్లు వద్దు. అన్నిటికన్నా కింద, చెయ్యి తిరిగిన అక్షరాలతో, "పనివాళ్లు కనబడొద్దు" అని ఉంటుంది. కృపారాణి ఆ ముక్కను కాస్త పెద్దది చేసి ఒక పక్కకు జరుపుతుంది. వద్దన్న మనిషి అంచు దాటి బయట పడిపోతాడు. ఇందులో చెరిపెయ్యడమేమీ లేదు. ముక్క మొత్తంగానే ఉంటుంది, మనిషి కూడా అందులోనే ఉంటాడు, చూసేవాళ్లకు కనబడడు అంతే.

కనబడనివాళ్లను తీసుకొచ్చి పెట్టే పని కూడా ఆమెదే. పెళ్లికూతురి తండ్రి పోయి రెండేళ్లయితే, తలంబ్రాలప్పుడు ఆయన మబ్బుల్లోంచి దీవిస్తున్నట్టు పెట్టాలి. పాత ఫొటోలోంచి మనిషిని కోసి, జంట తలల మీద నిలబెట్టాలి. దానికి ఎవరూ నేర్పని లెక్కలు కొన్ని ఆమె దగ్గర ఉన్నాయి. పోయినవాళ్ల ముఖం బతికున్నవాళ్ల ముఖం కన్నా పదోవంతు పెద్దగుండాలి. చిన్నగుంటే ఎక్కడో దూరాన ఉన్నట్టుంటుంది, మరీ పెద్దగుంటే పిల్లలు జడుసుకుంటారు. కళ్లు సరిగ్గా బిడ్డ నెత్తిమీద పడాలి. ఆమె పెట్టిన తండ్రులను చూసి ఏడ్వని ఇల్లు లేదని మార్కండేయులే అంటాడు. జిల్లాలో సగంమంది పోయినవాళ్లను సొంత చేతుల్తో పైకి ఎక్కించిన మనిషి ఆమె.

సాయంత్రం పనయ్యాక పక్క సందులో ఒంటిగది. గొల్లపల్లి అతనితో పెళ్లయి ఏడాదిన్నరకే తెగిపోయింది, పిల్లల్లేరు. ముప్పై ఆరేళ్లు నిండాయి. ఒక కూర వండుకుంటే రెండుపూటలా వస్తుంది. తింటూ ఆ రోజు కోసిన పెళ్లిలోని మనుషులను తలుచుకుంటుంది. పాపం, తలుచుకోవడానికి ఇంకెవరూ లేరు మరి.

ఉండేది ఒక్కతే, తల్లి దేవవ్వ. కొడిమ్యాలలో కాలనీ ఇల్లు. భర్త మల్లేశం బిడ్డ చిన్నగున్నప్పుడే పోతే, దేవవ్వ ఊళ్లో పురుషోత్తం రావు ఇంట్లో పనికి కుదిరింది. ఊడ్చింది, అంట్లు తోమింది, వాళ్ల బిడ్డ జ్యోత్స్నను చంకన ఎత్తుకుని పెంచింది. ముప్పై ఏళ్లు అదే గడప. ఆ చేతుల్తోనే కృపారాణిని జగిత్యాల పంపి కంప్యూటర్ నేర్పించింది. పోయిన వానకాలంలో జ్వరమొచ్చి మూడు రోజుల్లో కన్నుమూసింది.

ఏడాది తిరగవచ్చిందనగా కాలనీ చర్చి పాస్టరు ఫోన్ చేశాడు.

"అక్కా, అమ్మది జ్ఞాపకార్థ కూడిక వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం పెట్టుకుందాం. చర్చిల కొత్త టీవీ బిగించినం. దేవవ్వది ఒక వీడియో తీస్కరా. అయిదు నిమిషాలదైనా సరే."

"వీడియో అంటే అయ్యగారూ..."

"ఊరందరికి జేస్తవ్, మీ అమ్మకు జెయ్యవా ఏంది? అందరు ఎదురుజూస్తున్నరు."

కృపారాణి సరేనంది. ఫోన్ పెట్టేశాక వెతికితే తల్లివి రెండే ఫొటోలు దొరికాయి. ఒకదాంట్లో దేవవ్వ సొరకాయ ఎత్తి చూపిస్తుంటే సొరకాయ ముఖానికి అడ్డమొచ్చింది. రెండోది కదిలిపోయింది. ఇంకా ఆధార్ కార్డు ఉంది, అందులో దేవవ్వ ఏదో నేరం చేసి పట్టుబడ్డట్టు చూస్తుంది. దాన్నే కంప్యూటర్లో ఎక్కించి పెద్దది చేసింది. ముఖం గళ్లు గళ్లుగా విడిపోయింది. ఊళ్లోవాళ్ల తండ్రులను, తాతలను మబ్బులెక్కించిన మనిషి తన తల్లికి పెట్టడానికి ఒక్క మంచి ముఖం లేక నల్లగుడ్డ గదిలో కూర్చుని ఏడ్చింది.

ఏడుస్తున్నప్పుడే తెలుసు ఆమెకు. తల్లి ముఖం ఒకచోట ఉంది. ఎక్కడుందో తెలుసు, ఎవరు దాచారో కూడా తెలుసు. అయిదేళ్లుగా ఆ సంగతి తలపుకొచ్చినప్పుడల్లా ఇంకో పనిలో పడిపోయేది.

అయిదేళ్ల కిందట జ్యోత్స్న పెళ్లి జరిగింది. పెళ్లి జగిత్యాల ఫంక్షన్ హాల్లో, అప్పగింతలు మాత్రం కొడిమ్యాలలో ఇంటి గేటు ముందు. వీడియో మార్కండేయులు స్టూడియోకే వచ్చింది. కృపారాణి తల్లి ఆ ఇంట్లోనే పనిచేస్తుందని స్టూడియోలో ఎవరికీ తెలియదు. అమ్మ ఏం చేస్తుందని అడిగితే "ఇంటికాడనే ఉంటది" అని చెప్పేది. ఎవరింటికాడో చెప్పలేదు. అబద్ధం కాదు గానీ నిజం కూడా కాదు.

అప్పగింతల ముక్కలు కోసేటప్పుడు సాగర్ పక్కనే నిలబడి టీ తాగుతున్నాడు. తెరమీద జ్యోత్స్న తండ్రి భుజం మీద తల పెట్టి ఏడుస్తోంది. నడుమ పెళ్లికూతురు, ఎడమన తండ్రి, వెనక కారు. కుడి అంచున ఆకుపచ్చ చీర కట్టుకున్న ముసలామె ఒకతె.

"అక్కా, గా పక్కపొంటి ముసలామె ఎవలు? షాటంత ఖరాబ్ జేసింది" అన్నాడు సాగర్.

కృపారాణి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. అవును, ఒక్క క్షణమే.

"ఎవలో" అంది. "తీసేస్త తియ్యి."

స్కేల్ నూటపద్దెనిమిది చేసింది. పొజిషన్ పదకొండు వందల ముప్పైకి జరిపింది. ఇంకో మూడు జరిపితే ఎడమవైపు నల్లగీత కనబడేది. సరిగ్గా ఎంత కావాలో అంతే. దేవవ్వ కుడి అంచు దాటి బయటికి పోయింది. సాగర్ "సూపరక్కా" అని టీ గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు. చీటీలో పనివాళ్లు వద్దని ఉంది కదా, నేను చేసింది నా పనే కదా అని ఆమె తనకు తాను చెప్పుకుంది. ఇప్పటిదాకా చెప్పుకుంటూనే ఉంది.

నెల తరవాత మనోరమమ్మ, అంటే పురుషోత్తం రావు భార్య, ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఆ వీడియో టీవీలో వేసింది. దేవవ్వ కింద గచ్చు మీద కూర్చుని రెండున్నర గంటలు కదలకుండా చూసిందట. మంచినీళ్లకు కూడా లేవలేదట. ఆ సాయంత్రమే ఫోన్ చేసింది.

"బిడ్డా, దొరసానోళ్ల పెండ్లి క్యాసెట్ నువ్వే చేసినవు గదా. నేనచ్చిన్నా గండ్ల, కనవడ్డనా?"

"నాకు కనవడ్లె అవ్వా. కెమెరా నీ దిక్కు రాలేదేమో."

"నువ్వు మొత్తం జూసినవా?"

"మొత్తం జూసిన."

"సరే తియ్యి" అంది దేవవ్వ. "అన్నం దిన్నవా?"

మళ్లీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ముసలిదానికి వీడియోలో కనబడాలని సరదా ఉన్నట్టుంది, పోనీలే అనుకుంది కృపారాణి.

పాస్టరు ఫోన్ చేసిన మర్నాడు పొద్దున స్టూడియోలో ఆ పాత పెళ్లి ప్రాజెక్టు తెరిచింది. తెరంతా ఎర్రబడింది. ముక్కలు దొరకడం లేదని కంప్యూటర్ మొత్తుకుంటోంది. బొమ్మలు లేవు గానీ అంకెలు మాత్రం చెక్కుచెదరలేదు. స్కేల్ నూటపద్దెనిమిది, పొజిషన్ పదకొండు వందల ముప్పై. ముక్క పేరు సి సున్నా మూడు నాలుగు ఏడు.

"రెండేండ్లకోసారి డిస్కులు ఖాళీ జేస్తం, నీకెరుకే గదా" అన్నాడు మార్కండేయులు. "గా రావు సార్ అయితే డాటా మొత్తం మాకే కావాలని తీస్కపోయిండు. వాళ్ల బిడ్డ తాన ఉంటది, సిరిసిల్లల. ఎందుకు నీకు?"

"ఒక క్లిప్పు గావాలె సేటూ."

ఏ క్లిప్పని అతను అడగలేదు, ఆమె చెప్పలేదు. ముక్క పేరు అరచేతి మీద పెన్నుతో రాసుకుంది. ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని జగిత్యాల బస్సెక్కింది, అక్కడ మారి వేములవాడ, అక్కడ మారి సిరిసిల్ల. దారి పొడుగునా ఆ డిస్కు పాడైపోయి ఉంటుందని ఒకసారి, పారేసి ఉంటారని ఒకసారి అనుకుంటూ పోయింది. దొరక్కపోతే బాగుండునని కూడా ఒకసారి అనుకుంది. అనుకుని, తనమీద తనకే ఒళ్లు మండింది.

జ్యోత్స్న భర్త రాకేశ్‌కు సిరిసిల్లలో పెట్రోల్ బంకు ఉంది. ఇల్లు ఆ వెనకాలే. చుట్టూ మగ్గాల చప్పుడు ఆగకుండా వస్తోంది. తలుపు తీసిన జ్యోత్స్న పాపను చంకనెత్తుకునే "కృపక్కా!" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

"దేవవ్వ పోయిందని అమ్మ చెప్పింది. పాపకు బాగలేకుండె, రాలేకపోయిన. ఎంత బాధైందో నాకు."

కృపారాణి వచ్చిన పని చెప్పింది. జ్యోత్స్న బీరువాలన్నీ తెరిచి వెతకడం మొదలుపెట్టింది. పట్టుచీరల కింద చూసింది, పాప ఆటబొమ్మల డబ్బాలో చూసింది. వెతుకుతూనే అంది.

"నీకో మాట చెప్పనా కృపక్కా? నా పెండ్లి వీడియోల దేవవ్వ లేనే లేదు. కారెక్కేటప్పుడు మా అమ్మకన్న ఎక్కువ ఏడ్చింది దేవవ్వనే. రెండుసార్లు చూసిన, ఎక్కడా లేదు. ఎందుకో మరి."

చెప్పేందుకు ఇంతకన్నా మంచి సమయం రాదు. కృపారాణి నోరు తెరిచింది.

"కెమెరా గా దిక్కు రాలేదేమోనమ్మా" అంది.

రెండోసారి కూడా అదే మాట వచ్చింది. అబద్ధం ఒకసారి ఆడితే దానికి దారి తెలిసిపోతుంది కాబోలు.

డిస్కు చివరికి గాజుల డబ్బా వెనక దొరికింది. ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే దీపం వెలగలేదు. వైరు తీసి మళ్లీ పెట్టింది, వెలగలేదు. జ్యోత్స్న లోపలికి పోయి ఇంకో వైరు తెచ్చింది. ఈసారి వెలిగింది. "నువ్వు చూసుకో, నేను పాపకు అన్నం పెట్టొస్త" అని ఆమె వంటింట్లోకి పోయింది.

కృపారాణి ముక్కను తెరిచింది. స్కేల్ వంద. కుడి అంచున దేవవ్వ ఉంది.

పెళ్లికి మనోరమమ్మ పెట్టిన ఆకుపచ్చ చీర. ఒక భుజం కెమెరాకే అందలేదు, తెర అవతలే ఉండిపోయింది. పక్కన ఇంకెవరిదో మోచెయ్యి. దేవవ్వ ఆ మోచెయ్యివైపు తిరిగి ఏదో అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది, చెవిమీది వెంట్రుకలు సర్దుకుంది. తర్వాత పెళ్లికూతురిని వదిలేసి నేరుగా కెమెరాలోకి చూస్తూ నిలబడింది. మొత్తం పదకొండు సెకన్లు.

పెంచిన పిల్ల పోతుంటే ఏడుస్తోంది పాపం అనుకుంది కృపారాణి. మాట వినలేదు. ల్యాప్‌టాప్‌లో ధ్వని ఎప్పుడూ కట్టేసే ఉంటుంది. మిక్సింగ్ చేసేవాళ్లు ముక్క చేతికి రాగానే మొదట చేసే పని కెమెరా శబ్దం తీసెయ్యడమే. బ్యాండు మేళం, జనరేటరు, ఎవరో ఎవరినో తిట్టడం, అదంతా ఎవరికి కావాలి? పైన పాట వస్తుంది కదా. పన్నెండేళ్లలో ఆమె కొన్ని వేలమంది పెదవులు కదలడం చూసింది, మాటలు విన్నది తక్కువ. ఆ రోజు కూడా ధ్వని పెట్టాలని ఆమె చేతికి తోచలేదు. ముక్కను ల్యాప్‌టాప్‌లోకి దించుకుని, జ్యోత్స్న పెట్టిన భోజనం రెండు ముద్దలు తిని బయల్దేరింది.

కోరుట్ల వచ్చాక వారం రోజులు, అప్పుడూ ధ్వని పెట్టకుండానే, ఆ పదకొండు సెకన్ల మీదే కూర్చుంది. పెళ్లికూతురిని బయటికి తోసి తల్లిని నడుమకు తేవాలని చూసింది. స్కేల్ రెండు వందలు చేస్తే దేవవ్వ ముఖం మసకబారింది. మూడు వందల్లో కళ్లెక్కడో ముక్కెక్కడో తెలియలేదు. నాలుగు వందల్లో మళ్లీ ఆధార్ కార్డులాగే గళ్లు. పోనీ మనిషిని కోసి మబ్బుల్లో పెడదామంటే ఒక భుజం లేనే లేదు. లేని భుజం ఎక్కణ్ణుంచి తెచ్చి అతికిస్తుంది? చుట్టూ గీత గీసింది, బాణం గుర్తు పెట్టింది, మిగతా అందరినీ నలుపు తెలుపు చేసి తల్లికి మాత్రం రంగు ఉంచింది. ఏది చేసినా పోలీసులు గుర్తుపట్టమని వేసిన బొమ్మలాగే ఉంది. అన్నీ తీసేసింది. దేవవ్వ బాగా కనబడేది ఒక్క వందలోనే, ఉన్నచోట ఉన్నంతే. శనివారం సాయంత్రం విసుగొచ్చి, పేరైనా వెయ్యకుండా, పాటైనా పెట్టకుండా కెమెరాలోంచి వచ్చిన ముక్కను వచ్చినట్టే పెన్‌డ్రైవ్‌లో వేసుకుంది.

ఆదివారం మధ్యాహ్నం కొడిమ్యాల కాలనీ చర్చి నిండింది. పాట అయింది, ప్రార్థన అయింది. ముందు వరసలో కొమురవ్వ కూర్చుంది. రావుగారింట్లో దేవవ్వతో పాటు ఇరవై ఏళ్లు అంట్లు తోమిన మనిషి. పాస్టరు టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టి రిమోట్ నొక్కాడు.

తెరమీద పురుషోత్తం రావు, పట్టుచీరలో జ్యోత్స్న, పూలు కట్టిన కారు. జనం ముఖముఖాలు చూసుకున్నారు. "గిది దొరోళ్ల పెండ్లి గదా!" అన్నారెవరో. "దేవవ్వదని జెప్పి గిదేం పెట్టింది?" అన్నారింకెవరో. ఆ గోలలోనే పదకొండు సెకన్లు అయిపోయాయి. ఆ టీవీకి ముక్క అయిపోగానే మళ్లీ మొదటినుంచి వేసే అలవాటుంది. జ్యోత్స్న మళ్లీ తండ్రి భుజం మీద తల పెట్టింది.

"అక్కా, వేరేది పెట్టినవేమో చూడు" అన్నాడు పాస్టరు మెల్లగా.

కృపారాణి లేచింది. అంతమంది ముందు నడవడం ఆమెకు అలవాటు లేదు. టీవీ దాకా పోయి కుడి అంచు మీద వేలు పెట్టింది.

"నడుమల చూడకుండ్రి. గిక్కడ చూడుండ్రి. గామె మా అవ్వ."

అందరూ చప్పున ఊరుకున్నారు. ఆ నిశ్శబ్దంలో టీవీలోంచి మాటలు వచ్చాయి. ఎవరికీ కనబడకుండా మోచెయ్యి మాత్రమే ఉన్న మనిషి గొంతు మొదట వచ్చింది.

"జరుగే దేవవ్వా, వీడియోల పడ్తున్నవ్. దొరసాని తిడ్తది."

తర్వాత దేవవ్వ గొంతు. ఏడాదిగా ఎక్కడా లేని గొంతు.

"తిట్టనియ్యే. గీ వీడియో నా బిడ్డనే జేస్తది. ఇంటికి రాక మూణ్ణెల్లాయె. వీడియోలనన్న నన్ను జూస్తది."

కొంగుతో ముఖం తుడుచుకుంది, చెవిమీది వెంట్రుకలు సర్దుకుంది. బిడ్డవైపు చూస్తూ నిలబడింది.

కృపారాణి వేలు తెరమీదనే ఉండిపోయింది. ముసలిదానికి వీడియోలో కనబడాలని సరదా అనుకుంది ఇన్నేళ్లూ. గచ్చు మీద రెండున్నర గంటలు కూర్చుని దేవవ్వ వెతికింది తన ముఖం కోసం కాదు. బిడ్డ తనను చూసిందా లేదా అని వెతికింది. నువ్వు మొత్తం జూసినవా అని అడిగింది అందుకే. మొత్తం జూసిన అని చెప్పిన బిడ్డకు, అన్నం దిన్నవా అని తప్ప ఇంకేమీ అనలేదు.

"అవు, గట్లనే అన్నది" అంది ముందు వరసలోంచి కొమురవ్వ, కళ్లు తుడుచుకుంటూ. "నేను గుంజినా జరుగలే. జూసినవా మరి బిడ్డా, గప్పుడు?"

కెమెరా గా దిక్కు రాలేదని చెప్పడానికి ఇప్పుడు వీల్లేదు. కెమెరా వచ్చింది, దేవవ్వా వచ్చింది.

"జూసిన" అంది కృపారాణి. కొమురవ్వవైపు తిరిగి ఇంకోసారి అంది. "జూసిన పెద్దవ్వా. ఎవలని అడిగితే, ఎవలో అన్న. నా చేతుల్తోనే బయటికి నూకేసిన."

ఎవరైనా తిడితే బాగుండుననిపించింది ఆమెకు, తిట్టే హక్కున్న మనిషి మాత్రం తెరమీదే ఉంది. పాస్టరు ఏం చెయ్యాలో తోచక రిమోట్ ఎత్తాడు.

"ఉండనియ్యుండ్రి అయ్యగారూ" అంది.

ఆమె అక్కడే టీవీ కింద గచ్చు మీద కూర్చుంది. ముక్క మళ్లీ మొదటికి వచ్చింది. జ్యోత్స్న తండ్రి భుజం మీద తల పెట్టింది, జరుగే దేవవ్వా అంది కొమురవ్వ, దేవవ్వ జరగలేదు.